గోడకు నీళ్లు కొట్టిన శనివారం

ఆ రోజుల్లో ఐర్లాండులో ఉద్యోగం ఉన్నవాణ్ణి పెళ్లికొడుకుని చూసినట్టు చూసేవారు. మాంద్యం దెబ్బకి కార్లో అనే ఊరి చుట్టుపక్కల సగం కట్టిన ఇళ్లు కప్పుల్లేకుండా నిలబడిపోయాయి. పాత ఇళ్లు బాగుచేసే మా చిన్న కంపెనీలో ఎనిమిదిమందిమి కాస్తా ముగ్గురం మిగిలాం: బాసు, అరవయ్యేళ్ల మేస్త్రి, సివిల్ ఇంజనీరునని చెప్పుకునే నేను. చేతిలో ఉన్నది ఒకే ఒక్క పని, ఊరవతల రెండువందల ఏళ్లనాటి రాతి ఇల్లు. అది సవ్యంగా పూర్తయితేనే నా వర్క్ పర్మిట్ కాగితాల మీద బాసు సంతకం పెడతాడు. లేకపోతే పెట్టె సర్దుకోవడమే. అందుకే నన్ను మించిన పనిమంతుడు లేడని నిరూపించుకోవాలని తెగ తహతహలాడేవాణ్ణి (అంత తహతహ ఉన్నవాణ్ణి పనిలో పెట్టుకోకూడదని ఇప్పుడు నాకు తెలుసు).

ఆ ఇంటిని చూస్తే మొదట జాలేసింది. ఒక్క మూలా మట్టానికి రాదు. గోడలు రెండడుగుల మందం, కిటికీలు మాత్రం పిల్లి దూరేంత. ఇంటి నడుమ పొయ్యి. ముందు తలుపు అడ్డంగా రెండు ముక్కలు; కోళ్లు రాకుండా కింది ముక్క మూసి, వెలుతురు కోసం పైది తెరిచి ఉంచుతారు. ఇంటావిడ, డెబ్బై దాటిన మనిషి, ఆ కింది ముక్క మీద మోచేతులు ఆనించి మా పని చూస్తూ ఉండేది. మేస్త్రి సిమెంటు ముట్టనిచ్చేవాడు కాదు. "రాతిగోడ ఊపిరి తీసుకోవాలయ్యా. తడి పీలుస్తుంది, వదిలేస్తుంది. సిమెంటు పూశావో, లోపలే కుళ్లిపోతుంది" అంటూ సున్నం, ఇసుక కలిపి పూసేవాడు. నేను గట్టిగా తలూపేవాణ్ణి గానీ ఆ తలకి ఒక్క ముక్కా ఎక్కలేదు.

శుక్రవారం సాయంత్రానికి ముందుగోడ పూత అయింది. వాన తగలకుండా మేస్త్రి దాని మీద గోనెపట్టాలు కప్పి వెళ్లాడు. శనివారం పొద్దున్నే గుంటూరు నుంచి మా బాబాయి (అక్కడ చాలా అపార్టుమెంట్లు ఆయన చేతిమీదే లేచాయి) ఫోన్ చేశాడు.

"ఏరా, గోడకి నీళ్లు కొడతన్నారా?"

"లేదు బాబాయ్."

"ఏం ఇంజినీరువిరా నువ్వు! వారం రోజులు తడపకపోతే గోడ బీటలిచ్చుద్ది, నీ ఉద్యోగం ఊడుద్ది."

ఉద్యోగం మాట వినగానే బస్సెక్కేశాను. పట్టాలు తీసి, శుభ్రంగా మడతపెట్టి, గొట్టంతో గోడకి ధారగా కొట్టడం మొదలెట్టాను. పైన సన్నగా జల్లు పడుతూనే ఉంది.

"ఏం చేస్తున్నావయ్యా?" అంది ఇంటావిడ తలుపు దగ్గర్నుంచి.

"గోడకు నీళ్లు పెడుతున్నానండీ."

ఆవిడ ఆకాశం వంక చూసింది, గొట్టం వంక చూసింది. "గ్రాండ్. మొలకెత్తాక చెప్పు" అని లోపలికెళ్లిపోయింది. పావుగంటలో, ఇంకా గట్టిపడని ఆ సున్నప్పూత మొత్తం గోడని వదిలేసి ఆవిడ పూలమొక్కల మీద కూర్చుంది. నేను గొట్టం చుట్టేసి, చడీచప్పుడు లేకుండా ఇంటిదారి పట్టాను.

సోమవారం బాసు వచ్చి చూసి, "వాన కొట్టేసినట్టుంది" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఐర్లాండులో ఏ నేరాన్నయినా వాన మీదకి తోసెయ్యొచ్చు. అంతలో ఆయన మేస్త్రి వైపు తిరిగాడు. "పట్టాలు కప్పలేదా? నలభయ్యేళ్ల అనుభవం ఉండి! ఇలాగైతే రేపట్నుంచి రావొద్దు."

మేస్త్రి మడతపెట్టిన పట్టాల వంక చూసి, "కప్పాననే అనుకున్నాను. వయసైపోతోంది కదా" అని తల దించుకున్నాడు. టీ తెచ్చిన ఇంటావిడ నా వంక చూసింది. తిట్టినా బాగుండేది.

"నేనే" అన్నాను. గొట్టం, బాబాయి, గుంటూరు, అన్నీ కక్కేశాను.

"వానలో... గోడకి... నీళ్లు పోశావా?" అన్నాడు బాసు.

"అవునండీ."

ముందు నవ్వింది మేస్త్రే. కింద కూర్చుని మరీ నవ్వాడు. బాసు నవ్వాపుకుంటూ, "గోడంతా నువ్వే పూస్తావు, ఆయన చెప్పినట్టు. అది నిలిస్తే సంతకం" అన్నాడు. మూడు వారాలు పూశాను. నిలిచింది.

ఇప్పుడు నేస్ అనే ఊళ్లో సొంతిల్లుంది, ఐరిష్ పాస్‌పోర్టు ఉంది, నన్ను పొమ్మనేవాళ్లెవరూ లేరు. మొన్న ఆఫీసులో నేను రాసిన కొలత ఒకటి తప్పింది. ఠక్కున "ప్రింటర్‌లో ఏదో తేడా" అనేశాను. అందరూ నమ్మేశారు. ఇంటికొచ్చాక నవ్వుకున్నాను గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఉన్నదంతా పోతుందని తెలిసి కూడా "నేనే" అన్న ఆ తిక్క కుర్రాడంటే నాకిప్పుడు కాస్త అసూయ.