పాస్‌పోర్టు లేకుండా దీవిలో చిక్కిన ఓబుళమ్మ

మస్కట్ వాడి కబీర్ పేటలోని ఫ్లాట్లలో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటున్నారు. కడప జిల్లా నుంచి వచ్చిన ఒక పనిమనిషి, ఒమానీ కుటుంబంతో కలిసి కరీబియన్ దీవులకు విహారానికి వెళ్ళి అక్కడ పారిపోయిందట. మస్కట్‌లోని ఒక టికెట్ ఏజెంటు ఫోనులో నాలుగు మంచి మాటలు చెప్పి ఆమెను వెనక్కి రప్పించాడట. ఆ ఏజెంటు నేనే. ఆమె పారిపోలేదు, నేను రప్పించనూ లేదు. జరిగింది జరిగినట్టు రాసిపెట్టకపోతే ఆ అబద్ధమే నిలిచిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అది 2008 ఆగస్టు. మస్కట్‌లోని మత్రాలో, సూక్‌కు, అంటే పాత బజారుకు, వెళ్ళే దారిలో ఉన్న చిన్న ట్రావెల్ ఆఫీసులో నేను టికెటింగ్ డ్యూటీ చేసేవాణ్ణి. బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగిలిన చదువంతా తాడేపల్లిగూడెం శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. అక్కడ అట్ట ఊడిన అట్లాసు ఒకటి ఉండేది. సముద్ర ప్రవాహాలు, గాలుల దారులు, ఓడరేవులు అందులోనే నేర్చుకున్నాను. మా ఓనరు గఫూర్ భాయ్ హైదరాబాదు మనిషి. "టికెట్ కొట్టేటోనికి గీ గాలులెందుకు మియా?" అని నవ్వేవాడు.

సాలిం అర్బాబ్ మాకు పాత ఖాతాదారు. గల్ఫులో యజమానిని అర్బాబ్ అంటారు. ఆగస్టు ఎండలు తట్టుకోలేక మస్కట్ కుటుంబాలు చినుకుల కోసం ఒమాన్ దక్షిణాన ఉన్న సలాలా వెళ్తాయి. ఆ ఏడు ఆయన భార్య టీవీలో ఏదో కరీబియన్ దీవి బీచ్ చూసి, అక్కడికే వెళ్దామంది. అది తుఫానుల కాలం, ఆఫ్రికా వైపు పుట్టిన గాలులు ఆ వెచ్చటి నీళ్ళ మీద బలిసి దీవుల మీద పడతాయి అని నేను చెప్పబోయాను. గఫూర్ భాయ్ బల్ల కింద నా కాలు తొక్కాడు. అర్బాబ్ మాత్రం హిందీలో తేలిగ్గా అన్నాడు. "పోయినేడు మస్కట్‌లోనే తుఫాను చూశాం కదా సదీక్. దానికంటే పెద్దదా?" సదీక్ అంటే నేస్తం. నన్నాయన అలాగే పిలిచేవాడు.

మొత్తం అయిదుగురు. అర్బాబ్, భార్య, ఇద్దరు పిల్లలు, వాళ్ళను చూసుకునే ఓబుళమ్మ. ఆమెది రాయచోటి దగ్గర పల్లె. వీసా ఫోటోలివ్వడానికి వాళ్ళతో ఒకసారి ఆఫీసుకు వచ్చింది. నేను తెలుగువాణ్ణని తెలియగానే అడిగిన మొదటి మాట, "ఆడ బియ్యం దొరుకుతాయా అన్నా?" అని.

మస్కట్ నుంచి యూరప్, అక్కడి నుంచి ఒక పెద్ద దీవి, అక్కడి నుంచి చిన్న విమానంలో వాళ్ళు దిగాల్సిన చిన్న దీవి. ఇదీ దారి. ఆ దీవుల పేర్లు రాయను. వాటి తప్పేమీ లేదు.

కష్టాలు యూరప్‌లోనే మొదలయ్యాయి. మొదటి విమానం ఆలస్యమై కనెక్షన్ పోయింది. కనెక్షన్ అంటే ఒక విమానం దిగి ఎక్కాల్సిన రెండోది. అది పోతే మొత్తం టికెట్ మళ్ళీ అల్లుకుంటూ రావాలి. అల్లాను. మర్నాడు పెట్టెలు దారి తప్పాయి. అర్బాబ్ ఫోన్ చేశాడు.

"పిల్లలు అవే బట్టల్లో ఉన్నారు సదీక్. సలాలా వెళ్ళుంటే బాగుండేదని నా భార్య అంటోంది. ఆ మాట నువ్వు అనకు."

నేను అనలేదు. ఆ సమయానికి అట్లాంటిక్ మీద ఒక తుఫాను దీవుల వైపు తిరిగిందని వార్తల్లో చదివి ఉన్నాను. అది మాత్రం చెప్పాను. "ఇంకొక్క చిన్న విమానమే కదా" అన్నాడాయన.

మూడోనాడు తెల్లవారుతుండగా నా మొబైల్ మోగింది. మనకు తెల్లవారితే వాళ్ళకు ముందురోజు రాత్రి. గొంతు ఎవరిదో తెలియదు. ఇంగ్లీషు.

"నేను ఇమిగ్రేషన్ ఆఫీసరును. ఇక్కడ ఒకామె ఉంది. మీ నంబరున్న టికెట్ కవరు తప్ప ఆమె దగ్గర మరే కాగితమూ లేదు. ఆమె ఎవరు?"

ఫోను ఆమెకిమ్మన్నాను.

"అన్నా, నేను ఓబుళమ్మను. రాయచోటి ఓబుళమ్మను. చిన్న ఇమానంలో బరువెక్కువైందని నన్ను దించినారు. వాళ్ళు నలుగురూ పోయినారు. ఇంగోటి వస్తాది కూచో అన్నారు. అది రాల్యా. గాలి యేస్తాండాది, అద్దాలు అదురుతాండాయి. ఈయప్ప పాస్‌పోర్టు యాడ అంటాండాడు. అది మామా బ్యాగులో ఉండాది గదా."

మామా అంటే ఇంటి యజమానురాలు. గల్ఫు ఇళ్ళలో పనివాళ్ళ పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంటుంది. చట్టం ఏం చెప్పినా ఆ రోజుల్లో అదే అలవాటు. ప్రయాణంలో అందరి పాస్‌పోర్టులూ ఆవిడ చేతిసంచిలో ఉంటాయి. ప్రతి కౌంటరు దగ్గరా కట్టగా తీసి చూపించి, కట్టగానే లోపల పెట్టేస్తుంది. కుటుంబమంతా ఒక్కచోట ఉన్నంతసేపు అందులో ఇబ్బందేమీ కనిపించదు. చిన్న విమానాల్లో మాత్రం చివరి నిమిషంలో బరువు చూసి ఎవరినైనా దించేస్తారు. మా భాషలో దాన్ని ఆఫ్‌లోడ్ అంటాం. దించింది ఓబుళమ్మను. సంచి విమానంతో పాటు ఎగిరిపోయింది. తుఫాను దగ్గరపడటంతో ఆ తర్వాత విమానాలే ఆపేశారు.

ఆఫీసరు మళ్ళీ ఫోను తీసుకున్నాడు. విమానాశ్రయం మూసేస్తున్నారు. ప్రయాణికులను ఒక బడిలో ఉంచుతారు. కాగితాలు లేని మనిషిని మాత్రం పోలీసులకు అప్పగించాలి. పైగా ఆయనకు ఇంకో అనుమానం. "పాస్‌పోర్టు లాక్కుని పని చేయించుకునేవాళ్ళ సంగతి మాకు తెలుసు. ఆ కుటుంబాన్ని అవతలి దీవిలో ఆపమని చెప్పనా?"

మా ఆఫీసులో ఆమె పాస్‌పోర్టు కాపీ ఉంది, పంపుతాను, కాస్త ఆగమన్నాను. దొరికిన టాక్సీలో మత్రా చేరి షట్టరు ఎత్తేసరికి ఆఫీసు ఫోను మోగుతోంది. అర్బాబ్, హోటల్ నుంచి.

"సదీక్, ఓబుళమ్మ పారిపోయింది."

"లేదు అర్బాబ్..."

"అక్కడి ఎయిర్‌లైన్ కౌంటరుకు ఫోన్ చేసి అడిగాను. హాల్లో ఎవరూ లేరన్నారు. మా అత్తగారింట్లోనూ ఒకామె ఇలాగే పోయింది. ఆఫీసులు తెరవగానే మా తమ్ముడు పోలీసు కంప్లయింట్ ఇస్తాడు. ఆమె రిటర్న్ టికెట్ క్యాన్సిల్ చెయ్."

"ఆమె ఇమిగ్రేషన్ వాళ్ళ గదిలో ఉంది. నేనిప్పుడే మాట్లాడాను. పాస్‌పోర్టు మీ భార్య సంచిలో ఉంది, అందుకే..."

లైను తెగింది. ఎంత విన్నాడో తెలియదు. మళ్ళీ చేస్తే హోటల్ ఫోను మోగనే లేదు.

పారిపోయిన కేసు అంటే ఏమిటో గల్ఫులో పనిచేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒకసారి నమోదైతే వీసా పోతుంది, మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు, నిజం తర్వాత తేలినా ఆ ముద్ర తుడుచుకోవడం కష్టం. ఓబుళమ్మ ఏ తప్పూ చేయకుండా, సముద్రాల అవతల కూర్చుని, ఇక్కడ నేరస్తురాలు కాబోతోంది.

అప్పుడే వచ్చిన గఫూర్ భాయ్‌కి అంతా చెప్పాను. అర్బాబ్ తమ్ముడి ఇల్లు మత్రాలోనే. "నువ్వు ఫోను జూస్కో. ఆయన్ని నేను ఆపుత" అన్నాడు.

"మన మాట వింటాడా భాయ్? అన్న చెప్తేనే ఆగుతాడు."

"మాట ఎవడు జెప్తుండు? కాఫీ తాగుత."

ఒమానీ ఇళ్ళలో అతిథికి కహ్వా చిన్న కప్పులో పోస్తారు. చాలనుకుంటే అతిథి కప్పును అటూ ఇటూ ఆడించాలి. ఆడించకుండా చాపితే మళ్ళీ పోయాలి. అతిథి తాగుతుండగా ఇంటాయన లేచి వెళ్ళడం మర్యాద కాదు. అన్నకు లైను కలిసేదాకా కప్పు ఆడించకూడదన్నదే గఫూర్ భాయ్ పథకం.

నేను ఫైలులోంచి ఓబుళమ్మ పాస్‌పోర్టు, వీసా కాపీలు తీసి ఫ్యాక్స్ చేశాను. రెండుసార్లు మధ్యలో ఆగిపోయి మూడోసారి వెళ్ళింది. ఆఫీసరుకు ఫోన్ చేశాను.

"కాపీ చూశాను. మనిషి ఈమే. కానీ ఇది సరిపోదు. ఆమెతో నేరుగా మాట్లాడాలి. ఇక్కడ ఆమె భాష ఎవరికీ రాదు."

నాలోని లైబ్రరీ పాఠకుడు వెంటనే లేచాడు. చెరకు తోటల్లో పనికి మన వైపు నుంచి ఓడల్లో ఆ దీవులకు జనం వెళ్ళారని చదివాను కదా. వాళ్ళ మనవలు ఉంటారు, ఒక్కరినైనా పిలవండి, తెలుగు వస్తుంది అని గట్టిగా చెప్పాను. ఆయన క్లీనింగ్ సూపర్‌వైజరు మిసెస్ రామసామిని పిలిపించాడు. ఆమె ఫోనులోకి వచ్చి, "నాకు ఒక్క ముక్క రాదు నాయనా. మా నాయనమ్మకూ రాదు" అంది ఇంగ్లీషులో. జనం వెళ్ళిన సంగతే నా పుస్తకంలో ఉంది. వెళ్ళినవాళ్ళ భాష ఏమైందో లేదు.

కాసేపటికి ఓబుళమ్మ చెప్పింది. "ఆయమ్మకు తెలుగు రాదన్నా. మనూరి మనిషి మాదిరే ఉండాది. అన్నం, పప్పు పెట్టింది. ఉప్పు తక్కువ."

అప్పుడు ఆఫీసరు అన్నాడు. "అయితే మీరే అడగండి. మూడు ప్రశ్నలు. పాస్‌పోర్టు ఆమె ఇష్టంతోనే వాళ్ళ దగ్గర ఉందా? వాళ్ళు కొడతారా? ఆ కుటుంబం దగ్గరకు తిరిగి వెళ్ళడం ఆమెకు ఇష్టమేనా? ఆమె చెప్పింది చెప్పినట్టు నాకు చెప్పాలి."

ఆఫీసరు ఆమెను ఇలా అడుగుతాడని ముందే ఊహించి గఫూర్ భాయ్ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో అన్న మాట నా చెవిలోనే ఉంది. "ఆమె ఏమన్నా గానీ, ఇష్టమే అన్నదని జెప్పు. కిస్సా ఖతం." తప్పుడు సలహా అని అప్పుడు అనిపించలేదు. ఆమెను లాకప్పులో పడకుండా కాపాడే మాట అదే. అర్బాబ్‌నూ కాపాడుతుంది. మా వ్యాపారాన్నీ కాపాడుతుంది.

అడిగాను. కొట్టడం గురించి వెంటనే చెప్పింది. "లేదన్నా. అబద్ధమెందుకు, ఎప్పుడూ చెయ్యెత్తలా." మిగిలిన రెండిటికీ పలకలేదు. ఫోనులో గాలి హోరు ఒక్కటే వినిపిస్తోంది. లైను పోయిందేమోనని కంగారుపడ్డాను.

"ఓబుళమ్మా, ఉన్నారా?"

"ఉండా. అన్నా, ఈ మాట నన్నింతవరకూ ఎవరూ అడగల్యా. ఇష్టమేనా అని."

"ఇప్పుడు అడుగుతున్నారమ్మా. ఏది చెప్తే అదే చెప్తాను."

"పిల్లోళ్ళంటే నాకు పానం. పోతా. కానీ పాస్‌పోర్టు నా చేతికిస్తేనే పోతా. ఈ పొద్దు అది నా కాడ ఉంటే నేనీడ దొంగ మాదిరి కూచునేదాన్ని గాదు గదా. అట్లనే చెప్పు. తగ్గించి చెప్పాకు."

ఆ షరతుకు అర్బాబ్ ఒప్పుకోకపోతే ఆమె గతేమిటో, నా ఉద్యోగం గతేమిటో తెలియదు. అయినా ఒక్క మాట తగ్గించకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆఫీసరు రాసుకుంటున్నట్టున్నాడు. తర్వాత తన నిర్ణయం చెప్పాడు. మిసెస్ రామసామి హామీ మీద ఓబుళమ్మను బడిలో ఉంచుతారు. కుటుంబం వచ్చి, తన ఎదుట, పాస్‌పోర్టు ఆమె చేతికివ్వాలి. అప్పుడే పంపిస్తాడు.

ఎండ ముదిరాక అర్బాబ్ లైను కలిసింది. జరిగిందంతా, షరతుతో సహా, చెప్పాను.

"నా ఇంటి మనిషి సంగతి నాకు చెప్పడానికి వాళ్ళెవరు?"

"ఆ షరతు వాళ్ళది కాదు అర్బాబ్. ఆమెది."

"నువ్వు నేర్పావా?"

"లేదు. అడిగారు, చెప్పింది. నేను చేరవేశాను."

వెనక నుంచి భార్య అరబిక్‌లో ఏదో అడుగుతోంది. ఆయన చెప్పాడు. ఆవిడే ఫోను తీసుకుంది. "ఓబుళమ్మ తిన్నదా?" అని అడిగింది. తిన్నదని చెప్పాను. చాలాసేపు ఆ ఇద్దరి మాటలూ నాకు అర్థం కాని వేగంతో నడిచాయి. చివరికి అర్బాబ్ వచ్చి, "తమ్ముడికి చెప్తాను. కంప్లయింట్ వద్దు" అని మాత్రం అన్నాడు. షరతు గురించి ఏమీ అనలేదు.

గఫూర్ భాయ్ కళ్ళెర్రగా చేసుకుని తిరిగొచ్చాడు. "తమ్ముడు లేస్తుండు, నేను కప్పు చాపుతున్న. వాళ్ళమ్మ లోపల్నుంచి, ఈ మనిషికి ఇంట్ల కాఫీ లేదా అని అడిగిందట. ఇంక జన్మల కహ్వా ముట్ట." అన్న ఫోను వచ్చేసరికి తమ్ముడు చెప్పులు తొడుక్కుంటున్నాడట.

తుఫాను పక్కకు తప్పుకుంది. విమానాలు ఇంకా మొదలు కాకముందే అర్బాబ్ పడవలో ఆ పెద్ద దీవికి వచ్చాడు. ఆ సంగతి నాకు ఆఫీసరే చెప్పాడు. అర్బాబ్ ఆమె పాస్‌పోర్టును బల్ల మీద పెట్టబోతే, ఆఫీసరు ఓబుళమ్మ చెయ్యి చూపించాడట. ఆ చేతికే ఇచ్చాడట.

అర్బాబ్ ఆ తర్వాత ఏడాది దాకా మా ఆఫీసుకు రాలేదు. వచ్చినప్పుడు ఆ విషయం ఎత్తలేదు. ఓబుళమ్మ ఆ ఇంట్లోనే ఇంకా కొన్నేళ్ళు పనిచేసింది. పాస్‌పోర్టు తన పెట్టెలోనే పెట్టుకుంది. మామా మళ్ళీ అడగలేదట.

ఈ వృత్తిలో మేం ఎప్పుడూ ఇద్దరి మధ్య నిలబడతాం. ప్రయాణికుడికీ ఎయిర్‌లైనుకీ, కొన్నిసార్లు మనిషికీ ప్రభుత్వానికీ. మంచి జరగాలని మాటను కాస్త మెత్తబరచడం మాకు అలవాటు. ఆ రోజు నేను మెత్తబరచి ఉంటే ఓబుళమ్మ క్షేమంగానే తిరిగి వచ్చేది. పాస్‌పోర్టు మాత్రం ఆ సంచిలోకే వెళ్ళేది. మనం దయతో కత్తిరించే ముక్కే ఒక్కోసారి అవతలి మనిషికి అసలు మాట అవుతుంది. ఇది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

కడుపు పాడుచేసుకుని కంప్లయింట్ ఆపిన గఫూర్ భాయ్‌కి, భాష రాకపోయినా అన్నం పెట్టి హామీగా నిలిచిన మిసెస్ రామసామికి, సముద్రం ఇంకా కుదురుకోకముందే పడవ ఎక్కిన సాలిం అర్బాబ్‌కు, ముందుగా ఆకలి సంగతి అడిగిన ఆయన ఇల్లాలికి, పేరు చెప్పకుండానే ఫోను పెట్టేసిన ఆ ఆఫీసరుకు నా కృతజ్ఞతలు. ఓబుళమ్మకు ఫోన్ చేసి ఇది రాయనా అని అడిగాను, పేరు మార్చి రాస్తానన్నాను. "మార్చేదెందుకన్నా? నేనేం పారిపోతినా? నా పేరే రాయి" అంది. రాశాను. ఆమెకూ కృతజ్ఞతలు.