ఫ్లూట్ పాట పాడిన కండక్టర్

జర్మనీలోని కొలోన్‌లో మాస్టర్స్ చేసే రోజుల్లో మా యూనివర్సిటీ ఆర్కెస్ట్రాను నడిపించిన కండక్టర్‌ను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. జీవితమంతా పెద్ద పెద్ద ఒపేరా హౌసుల్లో పనిచేసి, రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చిన జర్మన్ పెద్దాయన. "అక్కడ ఎవరూ తప్పు చేయరు. విసుగొచ్చింది" అనేవారు. మాలో ఎవరు తడబడినా తిట్టేవారు కాదు. చేతులు ఆపకుండానే, వాళ్లు వాయించాల్సిన ముక్కను తానే పాడి అందించేవారు.

కచేరీ రోజున వరంగల్ నుంచి వచ్చిన మా జూనియర్ అమ్మాయి ఒక్కతే ఫ్లూట్ వాయించే ఘట్టం ఒకటుంది. "అన్నా, నాకు మస్తు భయమైతుంది" అంది, వేదిక ఎక్కే ముందు.

"ఆయనున్నారు కదమ్మా" అన్నాను, వయొలిన్ శ్రుతి చేసుకుంటూ.

నిండు హాల్లో ఆమె వంతు వచ్చింది. నాలుగు స్వరాలు పలికి ఫ్లూట్ ఆగిపోయింది. అంతలో బొంగురుగా, శ్రుతి తప్పి ఒక గొంతు లేచింది. మా కండక్టరే! చేతులతో మమ్మల్ని నడిపిస్తూ, ఆమెనే చూస్తూ, నోరారా పాడుతున్నారు. జనం విస్తుపోయారు. అంత పేరున్న మనిషి, పరువు సంగతే పట్టించుకోలేదు. ఆమె ఫ్లూట్‌ను మళ్లీ పెదవులకు ఆనించింది. ఈసారి పాట హాలంతా మార్మోగింది!

అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే, ఆయన ఆమెను ముందు నిలబెట్టి తాను వెనక్కి తప్పుకున్నారు.

"మళ్లీ ఎలా అందుకున్నావమ్మా?" అని తెర వెనక అడిగాను.

ఆమె కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వింది. "ఏం చెయ్యాలన్నా! ఆ పాటను ఆయన గొంతు నుంచి కాపాడాలె కదా!"