పొగ కోసం వెలిగించిన పిడకలు

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ల వయసులో, మా పెద్దమ్మ నాకొక పని అప్పజెప్పింది. పెరట్లో నీళ్లు కాచే పొయ్యిలో రెండు పిడకలు అంటించి, పొగ ఆగకుండా చూడాలి. ఆ పొయ్యి మీద ఏమీ ఉడకదు. చేన్ల నుంచి చూసే మగవాళ్లకు మా ఇంటి మీద పొగ కనబడాలి, అంతే.

మా ఊరు రాజోలికి దగ్గర. ఆ ఏడు సర్కారు వాళ్లు గోబర్ గ్యాసు, అంటే పేడతో వచ్చే గ్యాసు, పెట్టించారు. మా పెద్దనాయన ఒప్పుకున్నది వంట కోసం కాదు, దాంతోపాటు సిమెంటు వస్తుందని. మిగిలిన సిమెంటుతో గొడ్లకు తొట్టి కట్టించాడు. పేడ పోసే గుంత మీద ఇనుప డ్రమ్ము బిగించాక సర్కారు సారు వచ్చి మంట వెలిగించాడు, పొయ్యి పక్కన మగవాళ్లను నిలబెట్టి ఫోటో తీయించుకుని పోయాడు. రోజూ పొయ్యి ముందు కూర్చునే పెద్దమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. సారు ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

సారు పోయాక పెద్దనాయన, పేడ గ్యాసు మీద చేసిన రొట్టె ఈ ఇంట్లో ఎవరూ ముట్టరని చెప్పేశాడు. పుట్టినప్పటి నుంచి ఆయన తిన్న ప్రతి రొట్టె పిడకల మీద కాలిందే. పిడక దేనితో చేస్తారో ఆయనకు తెలియదని అనుకోలేను. పెద్దమ్మ రోజూ పేడ కలిపి గుంతలో పోస్తుంటే మాత్రం వద్దనలేదు. చేనుకు ఎరువు వస్తుంది కదా.

అప్పటికే పెద్దమ్మకు దగ్గు. రొట్టె తడుతూ మధ్యలో గోడ పట్టుకుని నిలబడేది. వనపర్తి దవాఖానలో డాక్టరు పొగకు దూరంగా ఉండమన్నాడు. పెద్దనాయన తల ఊపి, ఇంటికొచ్చి, రొట్టెలు ఇంకా కాలేదా అని అడిగాడు.

అందుకే ఆమె ఆ ఉపాయం చేసింది. వంటింటి తలుపు దగ్గరికి వేసి గ్యాసు మీద రొట్టెలు కాల్చింది. పెరట్లో నేను పొగ కాపలా. ఎనిమిది రోజులు గడిచాయి. ఆ ఎనిమిది రోజులూ ఆమె గోడ పట్టుకోలేదు.

తొమ్మిదో రోజు పెద్దనాయన తింటూ, ఈ నడుమ రొట్టె మెత్తగ వస్తుందే అన్నాడు. పెద్దమ్మ ఇంకోటి వడ్డించింది.

"పేడ గ్యాసు మీదనే చేస్తున్న. ఎనిమిది దినాలాయె. నీకు కడుపునొప్పి గిట్ట ఏమన్న లేసిందా?"

నేను నవ్వాను. పెద్దనాయన నవ్వలేదు. కంచంలో ఉన్న రొట్టె ముక్క కూడా వదలకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. అప్పుడు లేచి పోయి, గ్యాసు పైపు పీకి దూలం మీదికి విసిరేశాడు.

పెద్దమ్మ ఏడ్వలేదు. పిడకలు తెచ్చి పొయ్యి రాజేసింది. నేను పక్కన కూర్చుని, బాగుందన్నడు గద, మరెందుకు పీకిండని అడిగాను.

"రుచి గాదు బిడ్డా. తన్నడగక చేసిన్నని."

మరుసటి ఏడు డ్రమ్ము తుప్పు పట్టింది. బాగుచేసే మనిషి మా వైపు రాలేదు. సర్కారు కాగితాల్లో మాత్రం మా ఇంట్లో గ్యాసు మండుతూనే ఉండేది. పెద్దమ్మ ఇంకో నాలుగేళ్లు పొగ ముందు కూర్చుని, ఒక వానాకాలం ఆయాసంతో పోయింది. దినాల నాడు పెద్దనాయన, పాపం దానికి ఊపిరి సరిగ్గా ఆడేది కాదని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఎవరూ మారుమాట అనలేదు. నేనూ అనలేదు.

ఇప్పుడు మా వైపు మిద్దెల మీద సోలార్ పలకలు వస్తున్నాయి. రావాలనే నేను కోరుకుంటాను. మొన్న ఆత్మకూరులో వాటి గురించి పెట్టిన ఒక సభకు పోయాను. పల్లె ఆడవాళ్లకు అవగాహన లేకనే ఇవి సరిగ్గా వాడటం లేదని వేదిక మీది అధికారి అన్నాడు. నేను లేచి, పెట్టే ముందు ఆ ఇంటి ఆడమనిషిని ఏమడిగారని అడిగాను. దరఖాస్తు మీద ఇంటి యజమాని సంతకం ఉంటుంది కదమ్మా అన్నాడు.

అవగాహన లేదు అనే మాట ఎక్కడ విన్నా నాకు అసహ్యం వేస్తుంది. మా పెద్దమ్మకు తెలియనిది ఏమీ లేదు. ఆమె దినాల నాడు మాట్లాడని నోరు ఇప్పుడు ఊరుకోదు. పిలవకపోయినా సభలకు పోతాను, అదే ప్రశ్న అడుగుతాను, జవాబు వచ్చేదాకా కూర్చోను.