హన్నమ్మ గేరుబాక్సు

హన్నమ్మ కారులో కూర్చున్నాక మాట్లాడకూడదు. ఇది పోయిన ఎండాకాలంలో వచ్చిన కొత్త చట్టం. అంతకుముందు మేమిద్దరం నారాయణఖేడ్‌లో బయలుదేరితే నాగల్‌గిద్ద చేరేదాకా నోరు మూసింది లేదు. ఎవరి కోడలు ఎవరిని ఏమన్నదో, ఎవరి తప్పెంతో ఆ దారిలోనే తేల్చేసేవాళ్లం. ఆ తర్వాత నేను పెదవి కదిపితే చాలు, "జర ఆగు పుష్పక్కా, గేరు పడుతున్నది" అనేది. ఒకటో గేరు నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు బండి తనంతట తాను మారుతుందే, ఆ మారే చప్పుడు కోసం చెవి రిక్కించి కూర్చునేది. నాకూ చెవులున్నాయి. కానీ నాకది కారు చప్పుడే.

హన్నమ్మది మా పక్కిల్లు. తాతల కాలంలోనే మెథడిస్టు సంఘంలో చేరిన కుటుంబం. పాలు తాగే వయసులో జ్వరం వచ్చి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది. ఆ కాలు కర్ర సాయంతో ఆమెను మోస్తుంది కానీ క్లచ్చి తొక్కలేదు. అందుకే ఆమెకు గేర్లు వేయక్కరలేని కారే కావాలి. రెండే పెడళ్లు, రెండూ కుడికాలికే. పట్నంలో ఒక పెద్దాయన వాడి వాడి విసిగి వదిలేసిన చిన్న తెల్ల కారు సంఘంలో తెలిసినవాళ్ల ద్వారా దొరికింది. దొరికేనాటికే అది లోకమంతా తిరిగి ఉంది. ఈమె చేతికి వచ్చాక ఇంకో లోకం తిరిగింది.

ఆ కారు డిక్కీయే మా దుకాణం. లంగాలు, నైటీలు, లోపలి బాడీలు, ప్యాడ్లు. ఊళ్లలో దుకాణాలన్నీ మగవాళ్లవి. ఎదిగే పిల్ల పోయి అక్కడ నిలబడి తనకు కావలసింది అడగాలంటే సగం ప్రాణం పోతుంది. మా కారు వచ్చి డిక్కీ లేచిందంటే చుట్టుపక్కల మగవాళ్లను తరమడం నా పని. ఏళ్ల తరబడి అంగన్‌వాడీ పిల్లలను అదిలించిన గొంతు నాది. "ఏంది చూస్తున్నవు? నీకేమన్న కావాల్నా?" అంటే ఎంత మొండివాడైనా తల దించుకుని పోతాడు. కొలతలు చూడటం, బిగువైనవి విప్పి మళ్లీ కుట్టడం హన్నమ్మ పని.

కారు రాకముందు ఆమె ఈ ఊళ్లన్నీ మూటతో ఆటోల్లో తిరిగింది. ఆటో ఎక్కాలంటే ఎవడో ఒకడు జబ్బ పట్టి లేపాలి. కొందరు మంచి మనసుతోనే పట్టేవాళ్లు. కొందరి మనసు ఆ పట్టులోనే తెలిసిపోయేది. "సచ్చినా మల్ల ఎవని చెయ్యి పట్టుకొని బండెక్కనక్కా" అని కారు కొన్ననాడు నాతో అన్నది. ఆ మాట ఆమె ఎంత కసిగా అన్నదో నేను చూశాను కాబట్టే, తర్వాత ఆమె చేసిన పిచ్చి పనులన్నిటినీ భరించాను.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున గేరు లివరు ముందుకు వేస్తే కారు కదలలేదు. కాసేపు ఏదో ఆలోచించుకున్నట్టు ఆగి, దబ్బుమని ఎగిరి కదిలింది. నా చేతిలో చాయ్ నా చీర మీద పడింది. నేను చీర గురించి తిడుతుంటే హన్నమ్మ ముఖంలో నెత్తురు లేదు.

మా వీధి చివర మెకానిక్ మహిపాల్ గేరుబాక్సు ఆయిల్ కొంచెం తీసి తెల్లగుడ్డ మీద వేసి వాసన చూశాడు.

"అక్కా, గిది ఎర్రగ ఉండాలె. చూడు, చాయ్ డికాషన్ లెక్క అయింది. మాడిన వాసన గూడ వస్తుంది."

"ఏం చెయ్యాలె?"

"నేనైతే ముట్టనక్కా. మామూలు గేరుబాక్సయితే కండ్లు మూసుకొని ఇప్పుతా. గిది ఇప్పినంక మల్ల కూసుంటదో లేదో దేవునికే ఎరుక."

పట్నంలో ఒక షెడ్డుకు ఫోన్ చేస్తే వెంటనే ఆయిల్ మార్చమన్నారు, లేకపోతే బాక్సు పోతుందన్నారు. ఇంకో షెడ్డుకు చేస్తే పొరపాటున కూడా మార్చవద్దన్నారు. ఇంత తిరిగిన బండికి లోపలి పాత మడ్డే ఆధారమట, కొత్త ఆయిల్ పోస్తే ఉన్న పట్టు కూడా జారిపోతుందట. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొత్త బాక్సు వేయించుకోవచ్చు కదా అని నేనడిగాను. దాని ధరకు ఇలాంటి కారు ఇంకోటి వస్తుందట.

హన్నమ్మ తమ్ముడు థామస్ వచ్చి తేలికగా తీర్పు చెప్పాడు. "అమ్మెయ్యక్కా. గేర్ల కారు తీసుకొని డ్రైవర్‌ను పెట్టుకో."

"డ్రైవర్ మొగోడే గదరా. ఆడు కూసున్న బండికాడికొచ్చి ఏ ఆడది కొలత చెప్తది?" అన్నది. థామస్ చాయ్ తాగి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి మొదలైంది కారును దాచుకోవడం. ముందు ఏసీ బంద్. తర్వాత సరుకు సగం చేసింది, బరువు తగ్గాలని. "నన్ను గూడ సగం చెయ్యి మరి" అంటే నవ్వలేదు, నిజంగానే నా వంక ఒకసారి చూసింది. తర్వాత ఊళ్లు తగ్గాయి. కంగ్టి దూరమని మానేసింది. వానలు పడ్డాక నాగల్‌గిద్ద దారి బురదని మానేసింది. వానలు పోయి దారి ఆరిపోయాక కూడా మానేసింది. చివరికి మిగిలిన మనూర్ కూడా ఒక వారం రేపు రేపంటూ వాయిదా పడి, ఆ రేపు రానే లేదు. ఆదివారం చర్చికి పోయి రావడమే కారుకు పని.

మిగతా రోజుల్లో పొద్దున్నే కవరు తీసి, ఇంజను వేసి, లివరు ముందుకోసారి వెనక్కోసారి జరిపి, ముసలి అత్తకు నాడి చూసినట్టు చూసి, మళ్లీ ఆపేసి కవరు కప్పేది. "ఇయ్యాల మంచిగ పడ్డదక్కా గేరు" అని గోడ మీది నుంచి నాకు చెప్పేది. ఆ రోజుకు అదే ఆమె సంపాదన.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? బండి దాని మానాన అది నడుస్తుంటే నువ్వేంది పరేషాన్?" అని నేను కసిరేదాన్ని. నా కోపం నాకుంది మరి. ఇంట్లో కూర్చుని నాకు పిచ్చెక్కుతోంది. ఊళ్ల ఆడవాళ్ల ముఖాలు చూడక ఎన్ని నెలలైందో. కానీ గట్టిగా అనలేకపోయేదాన్ని. రేపు దారి మధ్యలో బండి ఆగిపోతే, ఎవడో వచ్చి ఆమె జబ్బ పట్టి దింపితే, ఆ పాపం నాకెందుకు అనుకునేదాన్ని.

కంది కోతలప్పుడు, ఒక మధ్యాహ్నం, లక్ష్మవ్వ వచ్చింది.

లక్ష్మవ్వది నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక పొలిమేరకు ఆనుకున్న చిన్న ఊరు. కొన్నేళ్ల కింద గడ్డ లేచిందని పట్నం దవాఖానలో ఆమెకు ఒక రొమ్ము తీసేశారు. కూలికి పోయే మనిషి. రైక వేసుకుంటే ఒకవైపు ఖాళీగా వేలాడుతుంటే నలుగురిలోకి రాలేక ఇంట్లోనే ఉండేది. అప్పుడు హన్నమ్మ ఆమెకు లోపలి బాడీకి ఒకవైపు గుడ్డసంచి కుట్టి ఇచ్చింది. ఉత్త దూది పెడితే బరువు లేక పైకి జరుగుతుందని మధ్యలో గుప్పెడు జొన్నలు పోసి, చుట్టూ దూది పెట్టి కుట్టేది. పంట పంటకు కొత్తది ఇచ్చేది. లక్ష్మవ్వ అది వేసుకుని నిటారుగా నడిచేది. ఈ సంగతి తెలిసింది మా ముగ్గురికే.

ఇప్పుడు ఆమె ఛాతీ మీద తువ్వాల కప్పుకుని, వంగిపోయి, హన్నమ్మ వాకిట్లో నిలబడింది. ఆటోలో కొంత, బస్సులో కొంత వచ్చి, ఇల్లు అడుగుతూ అడుగుతూ వచ్చింది. నీళ్లిస్తే తాగి, కవరు కప్పిన కారు వైపు చూసింది.

"కారు ఖరాబైందనుకున్న" అన్నది.

"లేదవ్వా. మంచిగనే ఉన్నది" అన్నది హన్నమ్మ.

"హౌదా? నడుస్తదా?"

"నడుస్తది."

"మరి రాకపోతివి?"

అని, లక్ష్మవ్వే జరిగింది చెప్పింది. తిట్టలేదు, ఏడవలేదు, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. వానల్లో సంచిలోని జొన్నలకు పురుగు పట్టింది. హన్నమ్మ ఇయ్యాల వస్తది, రేపు వస్తది అని చూసి, దాన్నే వేసుకుని కంది కోతకు పోయింది. పురుగు తొలిచిన గుడ్డ పిగిలింది. వంగి కోస్తుంటే రైకలోంచి జొన్నలు రాలాయి.

"అందరు నవ్విన్రు. పిట్టలకేస్తున్నవా లక్ష్మవ్వా అన్నరు. ఆళ్లకేం ఎరుక? ఆనాటి సంది కోతకు పోతలేను" అన్నది.

నాకు నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడమంటే మా వీధిలో పెద్ద వార్త.

హన్నమ్మ లేచి లోపలికి పోయింది. పోతూ పోతూ గుమ్మానికి వేలాడే గాజుపూసల తెర రెండు పేటలు కత్తెరతో తెంపుకుని పోయింది. "పూసలకు పురుగు పట్టదు" అని తనలో తాను అనుకుంటూ మిషన్ ముందు కూర్చుని కుట్టింది. నేను పక్కనే కూర్చుని పూసల చుట్టూ పెట్టే దూది విప్పుతున్నాను. సగం కుట్టాక మిషన్ ఆపింది.

"గేరు పోతే ఇల్లు పట్టి కూసుంట అని భయపడ్డ అక్కా. గేరు మంచిగనే ఉన్నది. నేనే ఇల్లు పట్టి కూసున్న."

ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అందులో దాచేదేముంది. తర్వాత ముక్కు తుడుచుకుని, "డిక్కీ నింపక్కా. సగం గాదు, మొత్తం నింపు. అవ్వను ఇంటికాడ దించుదాం" అన్నది.

దారిలో బండి రెండుసార్లు దబ్బుమని గుద్దింది. నేను మా దేవుళ్లందరినీ మొక్కి, అవసరానికి పనికొస్తాడని వాళ్ల దేవుణ్ణి కూడా మొక్కాను. వెనక సీట్లో లక్ష్మవ్వ కిటికీ దించుకుని గాలికి హాయిగా కూర్చుంది. ఊరు చేరేసరికి ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. కొందరు మమ్మల్ని తిట్టారు, కొందరు మీరు చచ్చిపోయారనుకున్నాం అన్నారు. ఇరుకు గల్లీలో కారు ముక్కు లక్ష్మవ్వ ఇంటి గోడకు మనిషి పట్టేంత సందు మాత్రమే వదిలి ఆగింది. లక్ష్మవ్వ లోపలికి పోయి కొత్తది వేసుకుని వచ్చింది. డిక్కీలో సరుకు సాయంత్రానికి సగానికి వచ్చింది.

బయలుదేరదామని లివరు రివర్సులోకి వేసింది. ఇంజను అరిచింది. కారు కదలలేదు. మళ్లీ వేసింది. తీసి మళ్లీ వేసింది. ఆ గేరు ఇక లేదు.

హన్నమ్మ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది. నేను ఆమె వంక చూడలేకపోయాను. నెలల తరబడి ఆమె దేనికి భయపడిందో అది వచ్చి మా ముందు కూర్చుంది. నలుగురు మగవాళ్లు పోగయ్యారు. వాళ్లలో ఒకడు మంచివాడే పాపం, డోరు తెరిచి, "దిగక్కా, ట్రాక్టరు తెచ్చి గుంజుతం" అని ఆమె జబ్బ పట్టుకోవడానికి చెయ్యి చాపాడు. హన్నమ్మ ముడుచుకుపోయింది.

"చెయ్యి తియ్యి" అన్న గొంతు నాది కాదు. లక్ష్మవ్వది. వాణ్ణి పక్కకు జరిపి డోరు మూసింది. "ఆమె దిగదు. ఆమె కూసుంటది. మేం నూకుతం" అన్నది.

పట్టినంతమంది ఆడవాళ్లు కారు ముక్కుకూ గోడకూ మధ్య ఉన్న కాస్త సందులోకి దూరారు. నేను దిగబోతే హన్నమ్మ, "నువ్వు కూసో, ఎనక చూసి చెప్పు" అన్నది. నేను దిగితే కారు బరువు సగం తగ్గేది, పాపం ఆ మాట ఎవరూ అనలేదు. ఆమె లివరు న్యూట్రల్‌లోకి తెచ్చి, "ఇగ నూకుండ్రి" అని గట్టిగా చెప్పింది.

కారు వెనక్కి కదిలింది. వెనక గేదె ఉంది, కుండ ఉంది అని నేను అరుస్తూనే ఉన్నాను. హన్నమ్మ అద్దంలో చూస్తూ స్టీరింగు తిప్పుతోంది. గల్లీ మలుపు దాటాక నేను ముందుకు తిరిగాను. ముందు అద్దం అవతల, మాకు ఎదురుగా, అందరికంటే ముందు లక్ష్మవ్వ ఉంది. తువ్వాల లేదు. కొంగు నడుముకు చెక్కుకుంది. రెండు చేతులూ బానెట్ మీద ఆనించి, ఛాతీ ముందుకు పెట్టి, పళ్లు బిగించి, ఊరందరి ముందూ తోస్తోంది.

రోడ్డెక్కాక హన్నమ్మ లివరు ముందుకు వేసింది. కాసేపు ఆగి, గేరు దబ్బుమని పడింది. కారు కదిలింది.

నాగల్‌గిద్ద దాటాక నేనే ఉండబట్టలేక, "రివర్సు పోయె. ఇగ ఎట్లనే?" అన్నాను.

"బేస్తవారం కంగ్టి పోదామక్కా" అన్నది హన్నమ్మ.