మూడో ఎపిసోడ్ దాకా

ఈ భూమ్మీద టీవీ సీరియళ్ళు పుట్టిందే మా అమ్మమ్మ చూడ్డానికి. ఆవిడ బాగుందంటే ఆ సీరియల్ పదేళ్ళు ఆడుతుంది. పెదవి విరిచిందంటే తీసినవాళ్ళు మూటాముల్లె సర్దుకుని వేరే పని వెతుక్కోవాల్సిందే. మొదటి ఎపిసోడ్‌లో మొదటి ప్రకటన పడేలోపు ఎవరు పోతారో, ఎవరు పోయి తిరిగొస్తారో, ఎవరికి ఉన్నట్టుండి కవల చెల్లెలు ఊడిపడుతుందో చెప్పేస్తుంది. అప్పటికి ఆ సంగతి రాసేవాళ్ళకే తెలిసుండదు. ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టినదాన్ని గనక నా మాట మీకు ఆనకపోవచ్చు. మా వీధిలో అడిగి చూడండి, తీర్పులమ్మ ఇల్లు ఎక్కడంటే కళ్ళు మూసుకుని చూపిస్తారు.

అమ్మమ్మ వృత్తి బట్టలు సరిచేయడం. కొత్తవి కుట్టదు. పొడుగువి పొట్టి చేస్తుంది, బిగుతువి వదులు చేస్తుంది, పాడైన జిప్పు పీకి కొత్తది వేస్తుంది. ఇంటి ముందుగదే కొట్టు. వీధివైపు అద్దం తలుపు, లోపల ఎదురెదురుగా రెండు కుట్టుమిషన్లు, నడుమ కత్తిరింపుల బల్ల, గోడమీది చెక్కపై చిన్న టీవీ. ఒక మిషను అమ్మమ్మది, రెండోది ఆవిడ చెల్లెలిది. అంటే మా చిన్నమ్మమ్మది. కాజాలు కుట్టడంలో చిన్నమ్మమ్మ చెయ్యి తిరిగిన మనిషి. ఆవిడ కుట్టిన కాజాలో బొత్తం దూరిందంటే అత్తారింటికొచ్చిన అల్లుడే, తోస్తే తప్ప బయటికి రాదు.

అమ్మమ్మ సీరియళ్ళని కథలుగా చూడదు, కొలతలుగా చూస్తుంది. "ఆ పిల్లాడి చొక్కా చూడవే. భుజం రెండంగుళాలు కిందికి జారింది. అరువు చొక్కా. వాడి కొలతకి కుట్టించలేదంటే వాడు ఎన్నాళ్ళో ఉండడన్నమాట" అంటుంది. పట్టినట్టు బట్టలేసుకున్నవాడు కథలో ఉండిపోతాడు, వదులు బట్టలవాడు వెళ్ళిపోతాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే ఆవిడ శాస్త్రం.

ఇంకో నియమం కూడా ఉంది. మూడో ఎపిసోడ్ దాకా తీర్పు చెప్పకూడదు. మొదటి ప్రకటన పడేలోపే చెప్పేస్తుందని పైన రాశాను గదా, అది నా కోత. "మొదటి ఎపిసోడ్ కొత్త బట్టే. గంజి మీద నిలబడుతుంది. రెండోది ఒకసారి ఉతికిన బట్ట. మూడో ఉతుకులో గానీ రంగు దిగుతుందో లేదో తేలదు" అంటుంది అమ్మమ్మ.

మూడోది అయ్యాక అక్కాచెల్లెళ్ళిద్దరూ పాత బిస్కెట్ల డబ్బా ముందు పెట్టుకుంటారు. సీరియల్ నిలబడుతుందంటే తెల్ల బొత్తం, మునుగుతుందంటే నల్ల బొత్తం వెయ్యాలి. ఎవరి తీర్పు తప్పితే వాళ్ళు రెండోవాళ్ళ సూదుల్లో దారం ఎక్కించాలి, మళ్ళీ కొత్త సీరియల్ వచ్చేదాకా. అమ్మమ్మ తెల్లది వేసిందా, చిన్నమ్మమ్మ నల్లది వేస్తుంది. ముందుగా ఆ మాట ఉండనే ఉంటుంది.

"కాదక్కా."

అక్కడ మొదలైతే గంటసేపు వాదన. సందులో పిల్లులు కూడా వచ్చి గుమ్మంలో కూర్చునేవి. తీరా చూస్తే తప్పేది ఎక్కువసార్లు అమ్మమ్మ తీర్పే. పదేళ్ళలో ఆవిడ చెల్లెలికి ఎక్కించిచ్చిన దారం అంతా కలిపితే చందమామ దాకా వెళ్ళి రావచ్చు. బిరుదు అక్కది, గెలుపు చెల్లెలిది. బట్టలిచ్చేవాళ్ళ ముందు మాత్రం చిన్నమ్మమ్మ ఎప్పుడూ అక్క గుట్టు బయటపెట్టలేదు.

ఇద్దరూ తెల్ల బొత్తం వేసింది ఒకే ఒక్క సీరియల్‌కి. సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ కాపలాదారు, అతని కూతురు, వాళ్ళ కథ. దానికి మాత్రం చిన్నమ్మమ్మ "అవునక్కా" అంది. అది రెండేళ్ళ కిందట మధ్యలోనే ఆగిపోయింది. ఆ రోజు చిన్నమ్మమ్మ అన్నం ముట్టలేదు.

ఐదున్నర నెలల కిందట ఒక పొద్దున, చేతిలో ఎవరిదో కోటు, దానికి సగం కుట్టిన కాజా, చిన్నమ్మమ్మ మిషను మీద నుంచి పక్కకి ఒరిగిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు ఆవిడ మాట వినడం మానేశాయి. మాట అసలే లేదు. లోపల గదిలో పడుకోబెడదామని మా అమ్మ అంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు. కొట్లోనే, ఆవిడ మిషను పక్కనే మంచం వేయించింది. టీవీ తిన్నగా కనపడాలని మంచాన్ని మూడుసార్లు జరిపించింది.

వారానికోసారి మాట నేర్పే డాక్టరమ్మ వస్తుంది. నా కన్నా నాలుగేళ్ళు పెద్దదేమో. మొదటి రోజే అడిగింది.

"ఈవిడ ఎక్కువగా వాడే మాట ఏదండీ?"

"కాదక్కా" అంది అమ్మమ్మ, క్షణం ఆలోచించకుండా.

"అయితే ఆ మాట రావాల్సిన సందర్భాలు మీరే కల్పించండి. అలవాటైన మాట ముందు రావచ్చు. తొలి ఆరు నెలలూ ముఖ్యం. తర్వాత రాదని కాదు, నెమ్మదిస్తుంది."

ఆ అమ్మాయి వెళ్ళాక అమ్మమ్మ గోడమీది క్యాలెండర్లో ఆరు నెలలు నిండే తేదీని పెన్సిలుతో చుట్టింది. అప్పట్నుంచి ఆవిడకి కావలసింది ఒక్కటే. చెల్లెలు తనని కాదనాలి.

చెల్లెల్ని కాదనిపించడం అమ్మమ్మకి వెన్నతో పెట్టిన విద్య. తప్పు తీర్పు చెబితే చాలు. పోయిన నెల కొత్త సీరియళ్ళు మొదలవగానే, జన్మలో సీరియళ్ళ మీద అబద్ధం చెప్పని మనిషి, అబద్ధాలకి దిగింది. మూడో ఎపిసోడ్ నియమాన్ని కూడా గట్టున పెట్టింది.

ముందొచ్చింది కోర్టు సీరియల్. లాయరమ్మ కన్నతండ్రి మీదే కేసు వాదిస్తుంది. నల్లకోటు వెనకాల పిన్నీసులతో బిగించినట్టు గుడ్డివాళ్ళకి కూడా తెలుస్తోంది. మొదటి ఎపిసోడ్‌లోనే మూడుసార్లు గ్లాసు పగిలింది, మూడుసార్లూ అదే గ్లాసు.

"ఆహా, ఏం కోటే!" అంది అమ్మమ్మ, ఓరకంట చెల్లెల్ని చూస్తూ. "అచ్చం ఆ పిల్లని నిలబెట్టి కుట్టినట్టుంది. ఇది పదేళ్ళు ఆడుతుంది, రాసిపెట్టుకో."

చిన్నమ్మమ్మ టీవీ వంక చూస్తోంది. ఎడం చేత్తో దుప్పటి అంచు మడుస్తోంది, విప్పుతోంది.

అప్పుడే జాకెట్ జిప్పు కోసం వచ్చిన బేకరీ ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. "ఏంటి పిన్నిగారూ, మీకిది నచ్చిందా? మా ఆయన రిమోట్ విసిరికొట్టాడు."

"నచ్చింది. చాలా నచ్చింది" అంది అమ్మమ్మ. చేదు మాత్ర మింగినట్టు పెట్టింది ముఖం.

మర్నాటికి వీధంతా పాకింది, తీర్పులమ్మకి మతి చలించిందని. ఇస్త్రీ బాబాయి నన్ను పక్కకి పిలిచి, "మీ అమ్మమ్మకి కళ్ళు చూపించారా?" అన్నాడు. ముప్పై ఏళ్ళ పేరు మూడు రోజుల్లో బూడిదలో పోసిన పన్నీరైంది. అమ్మమ్మ లెక్కచెయ్యలేదు. ఎవరొచ్చినా చెల్లెలికి వినపడేలా ఆ పిన్నీసుల కోటునే పొగిడింది.

రెండోది ఆసుపత్రి సీరియల్. మొదటి ఎపిసోడ్‌లో హీరో తల్లి పడిపోయి, కళ్ళు మూసుకుని, గొట్టాల మధ్య ఉంది. అమ్మమ్మ అబద్ధం సిద్ధంగా పెట్టుకుంది. రెండో ఎపిసోడ్‌లో ఆ తల్లి చటుక్కున లేచి కూర్చుంది, జుట్టు కూడా చెదరలేదు. కొడుకుని పట్టుకుని, ఊపిరి తీసుకోకుండా ఒక పేజీ మాట్లాడింది.

అమ్మమ్మ మిషను ఆగిపోయింది. పొగడాలని నోరు తెరిచింది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"అంత తొందరగా వచ్చేస్తుందా ఏంటి మాట?" అని టీవీనే అడిగింది.

టీవీ మాత్రం ఏం చెబుతుంది? సబ్బు ప్రకటన వేసింది.

ఆ రోజే అమ్మమ్మ ఇంకోటి కూడా చూసింది. చిన్నమ్మమ్మని దిండుకి ఆనించి కూర్చోబెడితే నైటీ భుజం రెండంగుళాలు కిందికి జారింది. మెడ దగ్గర చెయ్యి పట్టేంత ఖాళీ. అమ్మమ్మ టేపు తీసింది. చెల్లెలి భుజాలు, ఛాతీ, చేతులు కొలిచింది, రెండోసారి కొలిచింది. ఊళ్ళోవాళ్ళ బట్టలు పక్కకి నెట్టి, చెల్లెలి నైటీలు ఆరూ కుట్లు విప్పి, మళ్ళీ పట్టినట్టు కుట్టింది. చుట్టాల కార్యం కోసం ప్యాంటు పొట్టి చేయించుకోవాలని వచ్చినాయన, "ఇవాళ ఇస్తానన్నారు కదండీ" అని గొణిగితే, "మడిచి వేసుకోండి నాయనా, ఎవరూ చూడరు" అని పంపేసింది.

మూడోది లైట్‌హౌస్ సీరియల్. రెండేళ్ళ తర్వాత తిరిగొస్తోందని ప్రకటన పడగానే అమ్మమ్మ మిషను పెడలు మీంచి కాలు తీసేసింది. "ఇదేనే, ఇదే" అంది నాతో, రహస్యంగా. "దీన్ని తిడితే ఊరుకోదు. చచ్చినా ఊరుకోదు."

మొదటి ఎపిసోడ్ రోజు చెల్లెలికి తల దువ్వి, కుట్టిన నైటీ తొడిగి కూర్చోబెట్టింది. అదే సముద్రం, అదే పాట, అదే తండ్రి. కూతురు మెట్లెక్కి వస్తుంటే ముందు కాళ్ళు చూపించారు, తర్వాత చెయ్యి, ఆ తర్వాత ముఖం. ముఖం వేరేవాళ్ళది. ఈ పాత్రలో ఇక నుంచి ఫలానా ఆవిడ అని కింద అక్షరాలు పరిగెత్తాయి.

అమ్మమ్మ ఇదీ ఒకందుకు మంచిదే అనుకున్నట్టుంది. "అబ్బ, పీడా పోయింది! ఆ పాతదానికి నటనా పాడా? ఈ పిల్ల వెయ్యి రెట్లు నయం."

చిన్నమ్మమ్మ ఆ కొత్త ముఖాన్ని చూసింది. తర్వాత అమ్మమ్మని చూసింది. చాలాసేపు చూసింది. అమ్మమ్మ కుర్చీ అంచుకి జరిగింది.

"అను. అనవే. కాదక్కా అను. తిట్టు నన్ను."

చిన్నమ్మమ్మ మళ్ళీ టీవీ వైపు తిరిగింది.

రెండో ఎపిసోడ్ మొదలవకముందే నిద్రపోయింది. లేపితే బాగుండునని అమ్మమ్మ చెయ్యి రెండుసార్లు చాచి వెనక్కి తీసుకుంది. సీరియల్ మొత్తాన్ని ఒక్కతే కూర్చుని తిట్టింది, గొంతు తగ్గించి.

మూడో ఎపిసోడ్ నిన్న సాయంత్రం. తండ్రి దీపం తుడుస్తూ వెనక్కి తిరిగాడు, కొత్త ముఖాన్ని చూశాడు, "వచ్చావా తల్లీ, చలిగా ఉంది, లోపలికి రా" అన్నాడు. అంతే. ఎవరు నువ్వు అనలేదు. అమ్మమ్మ తిట్టడం మరిచిపోయింది.

"ముఖం మారినా తండ్రికి తెలిసింది చూశావా" అంది మెల్లగా. ఇది అబద్ధం కాదు.

సీరియల్ అయ్యాక టీవీ కట్టేసి డబ్బా తెచ్చింది. తన నల్ల బొత్తం గట్టిగా చప్పుడయ్యేలా డబ్బాలో పడేసింది. చెల్లెలి ఎడం చెయ్యి దగ్గర, దుప్పటి మీద, ఒక తెల్ల బొత్తం, ఒక నల్ల బొత్తం పెట్టింది.

"నేను నల్లది వేశాను. మన లైట్‌హౌస్‌కి నల్లది. నీ ఇష్టం ఇంక."

చిన్నమ్మమ్మ వేళ్ళు కదిలాయి. తెల్ల బొత్తాన్ని పట్టుకున్నాయి. అమ్మమ్మ డబ్బాని చెల్లెలి చేతికి ఇంకాస్త దగ్గరికి జరిపింది. చెయ్యి డబ్బా దాకా వచ్చింది, దాటింది, పైకి లేచింది. చిన్నమ్మమ్మ ఆ బొత్తాన్ని నోట్లో వేసుకుంది.

"ఉమ్మేయవే, తల్లీ, ఉమ్మేయ్!" అమ్మమ్మ ఒక చేత్తో గడ్డం పట్టి, రెండో చేతి వేలు నోట్లో పెట్టి వెతికింది. బొత్తం దొరికింది. తీసేలోపు చిన్నమ్మమ్మ గట్టిగా కొరికింది.

అమ్మమ్మ ఎర్రబడ్డ వేలిని దీపం కింద పెట్టి చూసుకుంది. "కొరికిందే! కోపం వచ్చిందే దానికి!"

పాలు తాగే పిల్లలు కూడా కొరుకుతారు అందామనుకున్నాను. నా నాలుకకి ఎముక లేదు గానీ ఆ క్షణంలో ఎందుకో మెదల్లేదు. చిన్నమ్మమ్మ గోడ చూస్తోంది. కోపం లేదు, నవ్వు లేదు. అమ్మమ్మ చాలాసేపు ఆ ముఖంలో వెతికింది. ఆ తర్వాత బొత్తాన్ని పైటకి తుడిచి, డబ్బాలో వెయ్యకుండా, విడిగా మిషను సొరుగులో పెట్టింది.

ఇవాళ పొద్దున నేను లేచేసరికి అమ్మమ్మ మిషను దగ్గరే ఉంది. ఒళ్ళో చెల్లెలి నీలం నైటీ. ఒక చేతిలో సూది, ఇంకో చేతిలో దారం, రెండూ కలవడం లేదు. మంచం మీద చిన్నమ్మమ్మ కళ్ళు తెరుచుకునే ఉంది.

"పోయిన వారమేగా అమ్మమ్మా ఇది తగ్గించావు?"

"మళ్ళీ వదులైంది."

నేను క్యాలెండర్ వైపు చూశాను. పెన్సిలుతో చుట్టిన తేదీ ఇంక పన్నెండు రోజుల దూరంలో ఉంది. నా తుంటరి నోటికి అప్పటికి తీరుబడి దొరికినట్టుంది, చెప్పకూడనిది చెప్పేసింది.

"చిన్నమ్మమ్మకి మాట ఇంక రాదేమో అమ్మమ్మా. మూడో ఎపిసోడ్ కూడా అయిపోయిందిగా."

అమ్మమ్మ తలెత్తకుండానే సూదీ దారం నా వైపు చాచింది.

"అయిపోయింది సీరియల్‌ది. దీనికింకా రెండోదే నడుస్తోంది. నోరు మూసుకుని దారం ఎక్కించు, కోతీ."