మధ్యలో మనిషెందుకు?

నేరుగారు పేపరును ఏనాడూ ఇంటికి వేయించుకోలేదు. తెల్లవారగానే చెప్పులు వేసుకుని ప్రెస్సు దాకా నడిచి వెళ్లి, సిరా ఆరీ ఆరని కాపీని చేత్తో పట్టుకుని వచ్చేవారు. ఆయన తిరిగొచ్చేసరికి వీధి వీధంతా పేపరు చదివేసి, గేట్ల దగ్గర నిలబడి ఆయనకే వార్తలు వినిపించేది. "చెప్పకండి, చెప్పకండి! నేను నేరుగా చదువుకుంటాను," అంటూ చెవులు మూసుకుని ఇల్లు చేరేవారు.

ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ఏ పనిలోనైనా మధ్యలో ఇంకో మనిషి ఉండకూడదు. కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఆయనకు అసలు పేరొకటి ఉండేది కానీ అది హాజరుపట్టీ దాటి బయటికి రాలేదు. పది మాటల్లో ఆరుసార్లు "నేరుగా" అంటారని పిల్లలు పెట్టిన పేరే స్థిరపడిపోయింది. హోటలుకి వెళితే సర్వర్‌ని పక్కకు తప్పించి వంటగదిలోకి నడిచి, "ఉప్పు తగ్గించండి," అని వంటమనిషికే చెప్పి వచ్చేవారు. ప్రిన్సిపాల్ ఏదైనా కబురు పంపితే, "విషయం ఆయన నోటితోనే వింటాను," అని మెట్లెక్కి వెళ్లేవారు. కబురు ఏమిటంటే, ఒకసారి పైకి రమ్మని.

ఇటువంటి మనిషి పెళ్లాడింది ఎవర్ని? పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునే అమ్మాయిని. ఊరందరి మాటలూ మధ్యలో నిలబడి అందించడమే ఆమె ఉద్యోగం.

ఆ సంబంధం కుదిరిన తీరు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ నవ్వాగదు. పెద్దవాళ్లను పంపుతామని ఆయన ఇంట్లో అన్నారట. ఆయన మాత్రం మర్నాడే కౌంటరు ముందు వరసలో నిలబడ్డారు.

"మధ్యలో పెద్దవాళ్లెందుకని నేనే వచ్చాను. నన్ను పెళ్లి చేసుకోవడం మీకిష్టమేనా?"

ఆమె చేతిలో ముద్ర గాల్లోనే ఆగిపోయింది. వెనకున్న ముసలాయన విసుక్కున్నాడు. "ఏదో ఒకటి చెప్పెయ్యమ్మా! నా పార్సిలు ఆలస్యమవుతోంది."

"ఈ కౌంటర్లో స్టాంపులు మాత్రమే ఇస్తాం," అంది ఆమె తల వంచుకుని. "దానికి సాయంత్రం రండి."

సాయంత్రం వచ్చారు. నేరుగానే.

పెళ్లయ్యాక ఆ నేరుతనం ఆమెకు ముచ్చటగానే ఉండేది, అక్కతో మాటలు పోయేదాకా.

బడిలో లెక్కలు చెప్పే అక్కా, పోస్టాఫీసు చెల్లెలూ ఒక కంచంలో తిని పెరిగినవాళ్లు. ఏరి కోరి వెనక వైపులు ఆనుకున్న రెండిళ్లు కొనుక్కున్నారు. రెండు వెనక గదులకూ ఒకటే గోడ. ఆ గోడకు ఒక తలుపు పెట్టించుకున్నారు. ఉప్పు, పప్పు, కబుర్లు అన్నీ అందులోంచే నడిచేవి. తల్లి పోయాక ఆమె కుట్టుమిషను ఎవరికన్న ప్రశ్న వచ్చింది. ఎదురుపడి అడగడానికి ఇద్దరికీ మొహమాటం. దాంతో దూరపు చుట్టం ఒకావిడ, అందరూ అత్తయ్య అని పిలిచేవారు, రాయబారానికి బయల్దేరింది. అత్తయ్య మోసిన మాటకు దారిలోనే కొమ్ములు మొలిచేవి. అటు నుంచి ఇటు నాలుగుసార్లు తిరిగేసరికి మిషను చెల్లెలి ఇంట్లో మిగిలింది, అక్కాచెల్లెళ్లకు మాటలు మిగల్లేదు. తలుపుకు అటొక బీరువా, ఇటొక బీరువా అడ్డం పడ్డాయి.

ఏళ్లు గడిచాయి. కూరగాయల దుకాణంలో ఎదురైతే ఒకరు వంకాయల కేసి, ఒకరు ఆకాశం కేసి చూసేవారు. ఉండబట్టలేక ఆమె ఒకటి రెండుసార్లు మొగుణ్ణి బతిమాలింది.

"ఏవండీ, ఒక్కసారి వెళ్లి అక్కతో చెప్పండి, నేను..."

"నేను చెప్పను. నువ్వే వెళ్లి నేరుగా చెప్పు."

"మీకసలు మనసుందా?"

"ఉంది. మాటలు మోసే బుట్టే లేదు."

ఆమె ఆ రాత్రి అన్నం వడ్డించి గిన్నె ఠపీమని పెట్టింది. ఆయన ఆ చప్పుడును నేరుగానే అందుకున్నారు.

ఇలా ఉండగా ఒక వేసవి సెలవుల్లో ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. వరండాలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని భార్యను పిలిచారు.

"ఇదిగోనోయ్, నువ్వు ఫోన్లో ఎవరికైనా ఒక మాట రాస్తే అది వాళ్లకు వెళుతుందనుకుంటున్నావు కదూ? వెళ్లదు. ముందు ఎక్కడో ఒక కంపెనీవాడి పెద్ద కంప్యూటర్‌కి వెళ్లి, అక్కడ కాసేపు కూర్చుని, తర్వాత వాళ్లకు వెళుతుంది."

"మా పోస్టాఫీసు లాగా."

"అచ్చం అంతే!"

"మా పోస్టాఫీసుకేం తక్కువ?"

ఆయన ఆ ప్రశ్న విననట్టు ముందుకు సాగారు. ఆయన తయారుచేస్తున్నది బ్రౌజర్లో తెరుచుకునే చిన్న పేజీ. ఇవతలొక బ్రౌజరు, అవతలొక బ్రౌజరు, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మధ్యలో ఎవరూ ఉండరు. రాసింది ఎక్కడా దాచిపెట్టదు. పేజీ మూస్తే అంతా మాయం.

"మరి ఆ బ్రౌజరు ఎక్కడుందో ఈ బ్రౌజరుకి ఎలా తెలుస్తుంది?" అని అడిగిందామె. చిరునామా లేని ఉత్తరాలు చూసి చూసి రాటుదేలిన మనిషి.

ఆయన ముఖంలో కాస్త రంగు తగ్గింది. "అదొక్కటే చిక్కు. మొదట ఇక్కడొక పొడుగాటి కోడ్ పుడుతుంది. దాన్ని అవతలివాళ్లకు అందించాలి. అక్కడ ఇంకో కోడ్ పుడుతుంది. దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టాలి. ఇక లంకె పడుతుంది. ఈ అందించడాన్నే సిగ్నలింగ్ అంటారు."

"ఎవరు అందిస్తారు?"

"నేనే. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని నడిచి వెళ్లి."

"మధ్యలో మనిషి ఉండకూడదని ఇంత చేసి, చివరికి మధ్యలో మీరే తిరుగుతారా?"

"నేను మనిషిని కాదోయ్," అన్నారాయన గంభీరంగా. "సిగ్నలింగ్‌ని."

మొదట మూలమీది పళ్ల డాక్టరు బలయ్యాడు. ఆయన ఒక రోగి పన్ను పట్టుకుని ఉండగా నేరుగారు పెన్‌డ్రైవ్‌తో లోపలికి వచ్చి, "ఇది పెట్టండి," అన్నారు. డాక్టరు కంగారులో పేజీ మూసేశాడు. పేజీ మూస్తే కోడ్ చచ్చిపోతుంది. మళ్లీ ఇంటికి, మళ్లీ కొత్త కోడ్, మళ్లీ క్లినిక్కు. మూడోసారి తలుపు దగ్గర ఆయన్ను చూడగానే, నోరు తెరిచి పడుకున్న రోగి లేచి వెళ్లిపోయాడు. చివరికి లంకె పడింది. డాక్టరు రాసిన మొదటి మాట: "దయచేసి ఇక రాకండి."

"చూశావా! నేరుగా వచ్చింది!" అని పొంగిపోయారాయన.

తర్వాత అవతలి పక్కకు ఇంకెవర్నో చూశానన్నారు. ఎవరంటే చెప్పరు. భార్యను వరండాలో కూర్చోబెట్టి, "పేజీ ముట్టుకోకు," అని హెచ్చరించి, పాత ల్యాప్‌టాప్ ఒకటి సంచీలో వేసుకుని వెళ్లేవారు. చాలాసేపటికి ముఖం వేలాడేసుకుని వచ్చేవారు.

"కుదిరిందా?"

"లేదు. అవతలి పక్క ఇంకా సిద్ధంగా లేదు."

రోజూ అదే మాట. ఆమె పచ్చడి జాడీకి కాపలా కాసినట్టు ఆ పేజీకి కాపలా కాసింది. కాలేజీలో చేరిన కొత్త లెక్చరరు ఒకడు ఇంటికొచ్చి, అది చూసి నవ్వాడు. "అదేంటమ్మా, కోడ్లు వాటంతటవే అటూ ఇటూ చేరేలా చిన్న ఏర్పాటు చేస్తే సరిపోతుందిగా. సార్‌కి అదెంత పని?" మొగుడిది వట్టి మొండితనమని ఆమెకు రుజువైపోయింది.

ఒకరోజు ఆయన పరుగున వచ్చారు. చొక్కా తడిసింది, ఒక చెప్పు తెగింది. వచ్చీ రాగానే పెన్‌డ్రైవ్ గుచ్చి, కోడ్ అతికించి, "కూర్చో, మాట్లాడు," అని పక్కకు తప్పుకున్నారు.

తెర మీద ఒక వాక్యం వచ్చింది.

"అమ్మ మిషను ఇంకా పనిచేస్తోందా?"

ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. ఒక్కొక్క అక్షరం వెతుక్కుని రాసింది. "చేస్తోంది. నీ గదిలోకి వినిపిస్తుందా?"

"రోజూ వింటాను. ఇంకా అంత గట్టిగా తొక్కుతావేంటే? అమ్మ ఎన్నిసార్లు తిట్టింది."

"పాత ఇనుము నాకెందుకు అన్నావట."

"నేనా! నా ఇంట్లో చోటు లేదు, చెల్లి దగ్గరుంటేనే వాడుకుంటుంది అన్నాను. నువ్వు 'దాని ముష్టి నాకక్కర్లేదు' అన్నావట కదా."

"అక్కకు లేకుండా నేనెలా తీసుకుంటాను అన్నానే!"

అక్క నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది.

"నీకు చెప్పింది అత్తయ్యేనా?"

"నీకూ అత్తయ్యేనా?"

అప్పుడు వెనక గదిలోంచి, గోడ అవతలి నుంచి ఒక నవ్వు వినిపించింది. మొదట ముక్కుతో మొదలై, తర్వాత ఆయాసంలోకి దిగే నవ్వు. చిన్నప్పుడు ఆ నవ్వు వల్లే ఇద్దరికీ బడిలో దెబ్బలు పడేవి. ఆమె చటుక్కున లేచింది. చెయ్యి తగిలి పేజీ మూసుకుపోయింది.

"అయ్యయ్యో!" నేరుగారు తల పట్టుకున్నారు. "ఉండవోయ్, కంగారుపడకు! కొత్త కోడ్ తీస్తాను, అయిదు నిమిషాల్లో వెళ్లి..."

ఆమె అప్పటికే వెనక గదిలో బీరువాను రెండు చేతులతో నెడుతోంది. గోడ అవతల కూడా ఏదో బరువైనది నేల మీద కీచుమంటోంది. ఆయన పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆమెకూ తలుపుకూ నడుమ నిలబడ్డారు.

"ఏవండీ, మీరు మధ్యలోంచి తప్పుకోండి!"

తప్పుకున్నారు. పెళ్లిలో కూడా ఆయన ముఖం అంత వెలిగిపోలేదని ఆమె అంటుంది.

సాయంత్రం ముగ్గురూ ఆ గుమ్మంలోనే కూర్చున్నారు. అక్క గుట్టు విప్పింది.

"రోజూ వచ్చేవాడే ఈ మహానుభావుడు! మొదటిరోజు ముఖం మీదే తలుపేశాను. మర్నాడు మళ్లీ ప్రత్యక్షం. అదేమంది, నా గురించి ఏమనుకుంటోంది అని గుచ్చి గుచ్చి అడిగాను. 'నాకు తెలీదు వదినా, నేను మాటలు మోయను, ఇందులో మీరే అడగండి' అంటాడు. గంటలు గంటలు గుమ్మంలో నిలబడ్డాడు. నీ మాట ఒక్కటి నాకు చెబితే ఒట్టు!"

ఆమె మొగుడి వైపు తిరిగింది. "కోడ్లు వాటంతటవే అటూ ఇటూ చేరేలా చెయ్యొచ్చట కదా?"

"మొదటివారమే చేశాను," అన్నారాయన తెగిన చెప్పు చూసుకుంటూ. "తర్వాత తీసేశాను. అది ఉంటే మీ అక్క గుమ్మం ఎక్కడానికి నాకింక వంకేముంటుంది?"

"అవతలి పక్క సిద్ధంగా లేదని నాతో అబద్ధాలా?"

"అందులో అబద్ధమేముందోయ్? లేదు కదా!"

"ఏమయ్యా మరిదీ, ఇంతకీ ఆ పేజీ ఏం చేస్తావు?" అంది అక్క.

"పళ్ల డాక్టరు వాడతాడేమో అడుగుతాను."

డాక్టరు వాడలేదు. ఎవరూ వాడలేదు. ఇప్పుడు నేరుగారు రిటైరయ్యారు. బీరువాలు రెండూ వేరే గోడలకు చేరాయి. మిషను తలుపు గడప పక్కనే ఉంటుంది, ఎవరికి వీలైతే వాళ్లు తొక్కుతారు. ఆయన ఇప్పటికీ తెల్లవారగానే ప్రెస్సు దాకా నడుస్తారు. కాకపోతే రెండు పేపర్లు తెస్తారు. ఒకటి వెనక తలుపులోంచి వదినకు ఇచ్చి వస్తారు.