చావీల పలక

గగన్‌పహాడ్ దగ్గర హైవే దిగగానే రేకుల ఫ్యాక్టరీ గోడ పక్కన ఒక సర్కారు జాగాలో టాక్సీల అడ్డా ఉండేది. జాగా ఇప్పటికీ ఉంది, అడ్డా లేదు. ఎయిర్‌పోర్టు లోపల టాక్సీలను ఊరికే నిలబడనివ్వరు కనుక డ్రైవర్లు అక్కడ వరుస కట్టి వంతు కోసం కాచుకునేవాళ్లు. ముందున్న బండికి బేరం తగిలి వెళ్లిపోతే వెనకున్నవన్నీ ఒక బండి మేర ముందుకు జరగాలి. జరగని బండికి వంతు పోయినట్టే. కానీ డ్రైవరన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు పడుకోవాలి కదా. అందుకని అడ్డాకొక పద్ధతి ఉండేది. బండి వరుసలో పెట్టి, చావి తెచ్చి తోటి డ్రైవరు సఖావత్ చేతిలో పెడితే చాలు. అతను దాన్ని మేకులు కొట్టిన పలకకు తగిలించేవాడు. వరుస కదిలినప్పుడల్లా నిద్రపోతున్నవాడి బండిని తానే ముందుకు జరిపేవాడు. అతనికే బేరం వస్తే ఆ కాసేపు పలకను మామిడిపల్లి జంగయ్య చూసేవాడు.

షంషాబాద్ ముస్లిం చేతిలో చుట్టుపక్కల ఊళ్ల రైతుబిడ్డల చావీలు అనగానే సామరస్యం మీద నాలుగు మంచి మాటలు రాయాలని చేయి దురదపెడుతుంది. అక్కర్లేదు. అతనికి చావీలు ఇచ్చింది అతను బంపరు గీకడు కనుక, సీటు వెనక్కి జరపడు కనుక, డ్యాష్‌బోర్డులో దాచుకున్న సిగరెట్ల జోలికి పోడు కనుక. నమ్మకమంటే అక్కడ అంతే. అది చిన్నదేం కాదు.

ఆ పలక మీద ఒక మేకు ఖాళీగా ఉండేది. అది బాలమల్లుది. బాలమల్లు ఒకప్పుడు అదే వరుసలో, అదే దుమ్ములో బండి పెట్టుకుని నోరు తెరుచుకుని నిద్రపోయిన మనిషి. తరవాత యూనియన్ అన్నాడు, జెండా అన్నాడు, తెల్ల చొక్కా తొడిగాడు. ఎన్నికల్లో నిలబడేనాటికి ఫ్లెక్సీల మీద ‘బాలమల్లన్న’ అయ్యాడు. అడ్డాకు ఓట్లడగడానికి వచ్చినప్పుడు ముందుగా పలక దగ్గరికే వెళ్లి, తన ఖాళీ మేకును వేలితో తడిమాడు. సఖావత్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అదే అతను చేసిన మొదటి తప్పు అని తరవాత భార్య సురయ్యా అనేది.

బాలమల్లు చెప్పింది సొంపుగానే ఉంది. అడ్డా జాగా డ్రైవర్ల సంఘం పేరు మీద రాయిస్తాడు. అందులో చార్జింగ్ పాయింట్లు పెట్టిస్తాడు. కరెంటు కారు కొన్నవాడికి ఎయిర్‌పోర్టులో ముందు వరుస. “డీజిల్ జమానా అయిపోయింది అన్నా. పొగ లేని బండ్లు, పొగ లేని పట్నం. ముందుగల నువ్వు తీస్కో, నిన్ను జూసి అందరు తీస్కుంటరు.”

సఖావత్ తన డీజిల్ బండి వదిలించుకుని ఆకుపచ్చ నంబరు పలకతో కరెంటు కారు తెచ్చాడు. బాలమల్లు పక్కన ఆ కారునానుకుని నిలబడ్డ అతని ఫోటో ఆరాంఘర్ నుంచి షంషాబాద్ దాకా కరెంటు స్తంభాలకు వేలాడింది. సఖావత్ ఊరుకోలేదు. వరుసలోని ఒక్కో బండి కిటికీ దగ్గరికీ వంగి, జబాన్ ఇస్తున్న, మాట తప్పదు అంటూ ఓటడిగాడు.

“పొగ లేని కారంటున్నవు గానీ భాయ్, గా మల్లుగాని మాటలకే పొగ ఎక్కువ” అన్నాడు జంగయ్య.

“అరె, మనోడే గదా. మన మేకు మీద చావి ఏలాడదీసినోడు.”

“ఏలాడదీసిండు. మల్ల తీస్కపోయిండు గద.”

జంగయ్య ఓటు మాత్రం బాలమల్లుకే వేశాడు. సఖావత్ అడిగాడని.

బాలమల్లు గెలిచాడు. చార్జింగ్ పాయింట్లు రాలేదు. సఖావత్ కొన్నాళ్లు కొత్తూరు దాకా పోయి చార్జింగ్ పెట్టుకొచ్చాడు. కొన్నాళ్లు ఇంటి కిటికీలోంచి వైరు లాగాడు. “ఫ్రిజ్ బంద్ జేసి నీ కారుకు తాపుతున్న జీ” అనేది సురయ్యా. “ఫోటోల మంచిగనే ఉన్నవు. ఫోటోకే చార్జింగ్ పెట్టు.”

ఈలోగా ఆ జాగా కోసం అధికారులు రాకపోలేదు. వచ్చి చూసి వెళ్లిపోయేవాళ్లు. నిండా బండ్లు, బండ్లలో మనుషులు. కంచె ఎక్కడ పాతాలి? అడ్డాకు ఉన్న రక్షణ ఎవరి దయా కాదు, ఏ కాగితమూ కాదు. అది ఎప్పుడూ ఖాళీగా ఉండకపోవడమే.

ఒక సాయంత్రం బాలమల్లు ఫోన్ చేశాడు. “అన్నా, ఖుష్‌ఖబర్. చార్జింగ్ పాయింట్లకు రేపు పొద్దుగాల శంకుస్థాపన. పెద్దోళ్లు వస్తున్నరు. జాగ జర సాఫ్‌గ ఉండాలె. ఒక్క పూట.”

“పిలగాళ్లకు చెప్త మల్లూ.”

“చెప్పుడెందుకు? ఒక్కొక్కడు ఒక్క ముచ్చట వెడ్తడు. చావీలు నీ తాన్నే ఉండె గద.”

మర్నాడు పొద్దున్నే సఖావత్ పలక ముందు నిలబడ్డాడు. కొందరు స్నానాలకు ఇళ్లకు పోయారు, కొందరు టీ తాగుతున్నారు, కొందరు ఫ్యాక్టరీ గోడ నీడలో చాపలేసుకుని పడుకున్నారు. వాళ్లకు మంచి వార్త తానే చెప్పాలని, లేచేసరికి పందిరి కనపడాలని అతని సరదా. ఒక్కో చావీ తీశాడు, ఒక్కో బండీ తీశాడు. ఎవరి బంపరూ గీకలేదు. సర్వీసు రోడ్డు పక్కన అదే వరుస క్రమంలో, ఎవరి వంతూ తప్పకుండా నిలబెట్టాడు. చాప మీద నిద్రపోతున్న జంగయ్యను లేపకుండానే అతని బండి జరుపుతుంటే, పక్కన టీ గ్లాసు పట్టుకున్న కుర్రాళ్లు చూసి కూడా ఏమీ అడగలేదు. సఖావత్ భాయ్ బండి జరపడం వాళ్లకు రోజూ కనపడే దృశ్యమే.

పందిరి వేశారు. రాయి పాతారు. పొగ మీద, పచ్చదనం మీద, భావితరాల మీద ఉపన్యాసాలు జరిగాయి. ఒక మనిషి ఫోన్ పట్టుకుని ఖాళీ జాగాను నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీశాడు. పెద్దవాళ్లు వెళ్లాక పందిరి విప్పే లారీ రావాలి. వచ్చిన లారీలో ఇనుప స్తంభాలున్నాయి.

“చార్జింగ్ మిషన్ల సేఫ్టీకి” అన్నారు దించినవాళ్లు.

సాయంత్రానికి కంచె వేసి గేటు కూడా పెట్టారు. కంపెనీ బోర్డు ఒకటి కట్టారు. డ్రైవర్లు అడగబోతే అక్కడున్న అధికారి తాపీగా, “మిమ్మల్ని ఎవరన్నా వెళ్లగొట్టారా? పోలీసులొచ్చారా? మేం వచ్చేసరికి ఖాళీ జాగా. మీరే ఖాళీ చేసుకున్నారు” అన్నాడు. అందులో అబద్ధం లేదు. అదే భరించలేని సంగతి.

సఖావత్ అప్పటికప్పుడే మామిడిపల్లిలో బాలమల్లు ఆఫీసుకు పోయాడు. గోడ మీది జెండా రంగు మారింది. గెలిచాక బాలమల్లు పార్టీ మారాడని అందరికీ తెలిసిందే. సఖావత్‌కూ తెలుసు. రంగు మారితే మాట కూడా మారుతుందని తట్టలేదు.

“జబాన్ ఇచ్చినవు గద మల్లూ.”

“ఇచ్చిన. గా పార్టీల ఉన్నప్పుడు ఇచ్చిన. ఇప్పుడు పోయి వాళ్లనడుగు.” నవ్వాడు. సఖావత్ నవ్వకపోవడం చూసి గొంతు తగ్గించాడు. “అన్నా, లోపట డ్రైవర్ లేకుండ నడిచే బండ్లను పరీక్ష చేస్తరట. వాటిని కనిపెట్టుకుని ఉండేటందుకు ఒక మనిషి కావాలె. నీ పేరే చెప్పిన. ఏసీ రూము.”

“ఫోన్ జేసిన్నాడే నీకు ఎరికనా? కంచె ఏస్తరని?”

“ఎరిక లేకుంటే నిన్నెందుకడుగుత? వాళ్లనడిగితే లేసెటోళ్లా? గా అడ్డాల పండి లేసినోణ్ని అన్నా నేను. పలక సంగతి నాకు తెల్వదా?”

చెప్పడానికి సిగ్గుపడితే బాగుండేది. తన తెలివికి తానే కాస్త మురిసినట్టు చెప్పాడు.

సఖావత్ ఆ ఉద్యోగం వద్దన్నాడు. దాన్ని త్యాగమనుకోవద్దు. కంచె లోపల ఏసీలో కూర్చుంటే బయటినుంచి జంగయ్య చూస్తాడు, అంతే.

తిరిగొచ్చేసరికి డ్రైవర్లు సర్వీసు రోడ్డు మీదికి తెచ్చిన పలక చుట్టూ ఉన్నారు. స్తంభానికి ఇంకా వేలాడుతున్న ఆ ఫోటో ఫ్లెక్సీని ఎవరో చింపి తెచ్చి సఖావత్ బండి మీద కప్పారు. ఎంతకు మాట్లాడుకున్నవని ఒకడరిచాడు. అందరూ చావీలు తీసుకున్నారు. చివరగా జంగయ్య.

“అమ్ముడువోయినవని నేననుకుంటలే భాయ్. అట్లయితే తిట్టి ఊకుందును. గానీ నన్ను లేపలే నువ్వు. పక్కన్నే పండుకోని ఉంటిని.”

“మంచి ముచ్చట అనుకున్న జంగయ్యా.”

“అయితే మంచి ముచ్చటకే లేపాలె గద.”

ఇప్పుడు ఆ పలక సఖావత్ డిక్కీలో ఉంది. బండ్లు హైవే అంచున ముక్కలు ముక్కలుగా నిలబడతాయి. ట్రాఫిక్ పోలీసు వస్తే చెదిరిపోయి మళ్లీ చేరతాయి. ఎవరి చావి వారి జేబులోనే. నిద్రపోతే వంతు పోతుంది. కంచె లోపల మటుకు తెల్లటి కార్లు చార్జింగ్ పాయింట్ల ముందు వరుస కడతాయి. ముందుది కదిలితే వెనకది స్టీరింగ్ దగ్గర ఎవరూ లేకుండానే ఒక బండి మేర ముందుకు జరుగుతుంది. బంపరు గీకదు. బయటి బండ్లకు లోపల చార్జింగ్ పెట్టనివ్వరు. సఖావత్ ఇప్పటికీ కొత్తూరే పోతాడు.

మొన్నొక మధ్యాహ్నం అతను కొత్తూరు నుంచి వచ్చి వరుస చివర ఆగాడు. ముందున్నది జంగయ్య బండి. దాని ముందు బండికి బేరం వచ్చి పోయింది. ఖాళీ ఏర్పడింది. జంగయ్య సీటు వాల్చి గాఢంగా నిద్రపోతున్నాడు. వెనకనుంచి వచ్చేవాడెవడైనా అందులో దూరితే వంతు పోయినట్టే.

సఖావత్ దిగాడు. అలవాటు కొద్దీ చేయి డోరు పిడి మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాడు. అద్దం మీద వేలితో కొట్టాడు.

“జంగయ్యా, లెవ్వు. ముంగటికి జరుపు.”

జంగయ్య కళ్లు తెరిచాడు. అద్దం దించలేదు. సఖావత్‌ని చూశాడు, ముందున్న ఖాళీని చూశాడు. జేబులోంచి చావి తీసి బండి స్టార్ట్ చేసి ఒక బండి మేర ముందుకు జరిపాడు. ఆపి, చావి మళ్లీ జేబులో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.